రెండుసార్లు కొట్టేసిన రోజులు

యూమా, అరిజోనా
జనవరి 28

నెట్టీ, అమ్మ దీవెనలు. ఎడారి ఎండలో ఇద్దరం కులాసా.

మొన్న పొద్దున్నే మీ నాన్న సామాను సర్దేసి బండెక్కి కూర్చున్నారు. "పదవే! మన ఆర్నెల్ల అనుమతి రేపటితో సరి. ఒక్కరోజు ఎక్కువున్నా మళ్ళీ అమెరికా గడప తొక్కనివ్వరు!" చూద్దును కదా, క్యాలెండర్లో ఏప్రిల్ దాకా కొట్టేసి ఉంది! పొద్దున కొట్టేసిన సంగతి మర్చిపోయి, సాయంత్రం ఇంకో రోజు కొట్టేస్తున్నారు.

"ఇంకా మూడు నెలలుంది, దిగండి" అన్నాను.

"అయితే నెట్టీ పుట్టినరోజు దాటిపోలేదన్నమాట!" అని కళ్ళు తుడుచుకున్నారు.

కెనడా చలికి మన ఇంటి కుళాయిలు గడ్డకట్టలేదు కదా? ఓసారి వెళ్ళి చూడు.

మార్చి ఎనిమిదిన నాన్న ఫోన్ చేస్తారు. సాయంత్రం మళ్ళీ చేస్తే, అప్పుడూ మొదటిసారిలాగే మురిసిపో తల్లీ.

అమ్మ