ముఖమల్ తొడుగు తొడిగిన స్కేట్‌బోర్డు

సందు చివరి టైలరు గారి భార్యను, ఇన్నేళ్లుగా ఆ కొట్లో కాజాలు కుట్టినదానను అయిన నేను, రేపు ఉదయం తుంటి ఆపరేషన్‌కు వెళ్తూ, విరిగింది ఎముకే గాని బుద్ధి కాదని ప్రకటిస్తూ, ఎవరి బలవంతమూ లేకుండా నా మనోరాజీగా రాస్తున్న వీలునామా. డాక్టరు గారు ఇది చాలా చిన్న ఆపరేషన్ అన్నారు. కోసేవాళ్లకు అన్నీ చిన్నవే.

1. నా స్కేట్‌బోర్డు, నట్లు బిగించే పానాతో సహా, బొంగరమని మేం ముద్దుగా పిలిచే మా మనవరాలికి సర్వహక్కులతో చెందాలి. దాన్ని అటకెక్కించిన మా అబ్బాయే దింపి ఇవ్వాలి. ముసలిదాన్ని చక్రాల మీద నిలబెట్టావని వాడు పిల్లను నలుగురిలో తిట్టాడు. ఆ రోజు నుంచి అది బోర్డు ముఖం చూడలేదు. నాకు నేర్పుతూ తను చెయ్యి వదిలేయబట్టే నేను పడ్డానని దాని ఏడుపు. ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయునదేమనగా, చెయ్యి వదలమన్నది నేనే. నన్ను పడేసింది ముఖమల్ గుడ్డ.

2. ఆ గుడ్డ సంగతి. కాలు జారకుండా బోర్డు మీద గరుకు కాగితం అతికించి ఉంటుంది. నా పాదాలు గీరుకుపోతాయని మా ఆయన దాని మీదికి మెరూన్ ముఖమల్‌తో, చక్రాలకు కంతలు వదిలి, అంచుకు పైపింగ్ వేసి తొడుగు కుట్టారు. పెళ్లయినప్పటి నుంచి నాకు ఒక్క జాకెట్టూ చెప్పిన రోజుకు ఇవ్వని మనిషి, అడగని తొడుగు ఒక్క పూటలో ఇచ్చారు. నేనూ మురిసిపోయి ఎక్కాను. అందుకు నాకు కోపం లేదు. పిల్ల తిట్లు తింటుంటే నోట్లో గుండుసూదులు పెట్టుకున్నట్టు కూర్చున్నందుకు ఉంది. ఆయనకు నా సూదుల డబ్బా, నా క్షమ ఇస్తున్నాను. డబ్బా ఇప్పుడే తీసుకోవచ్చు. క్షమ మాత్రం పిల్లకు నిజం చెప్పాకే.

3. కొత్తగా నేర్చుకునేవాళ్లకు నా అనుభవం సమాన భాగాలుగా చెందుతుంది. హెల్మెట్ పట్టీ గడ్డం కింద బిగించండి, చేతికి తగిలించుకుని తిరగడానికి కాదు అది. చదునైన అడుగున్న బూట్లే వేసుకోండి. ముందు గడ్డి మీద పడటం నేర్చుకోండి. పడేటప్పుడు అరచేతులు ఆనిస్తే మణికట్టు పోతుంది, ఒళ్లు ముడుచుకుని కండ ఉన్నవైపు దొర్లాలి. నాకు దేవుడు ఆ కండ ధారాళంగానే ఇచ్చాడు, నేనే ఎముక వైపు పడ్డాను. మోకాళ్లు వంచే ఉంచండి. బోర్డుతో సహా ఎగిరే ఆలీ విద్య జోలికి ఆగడం వచ్చాకే వెళ్లండి. నాకు ఆగడం ఇంకా రాలేదు, మూలకొట్టు గోడను అడగండి. వాపు తగ్గకపోతే డాక్టరు దగ్గరికి పోవాలి, పక్కింటావిడ దగ్గరికి కాదు.

4. ఈ వయసులో ఇవేం బుద్ధులని దెప్పిన ఆ పక్కింటావిడకే నా మోకాలి ప్యాడ్లు. రోజూ కిటికీలోంచి ఎలా చూసేదో నాకు తెలుసు పాపం.

5. వీటిని అమలు చేయవలసింది మా కోడలు. మా ఇంట్లో చెప్పింది చెప్పినట్టు చేసేది తనొక్కతే.

నేను బతికి బట్టకడితే ఇవన్నీ రద్దు, మొదటిది తప్ప. ఈ వార్డు కిటికీలోంచి ఆసుపత్రి వాకిలి కనబడుతుంది. రేపు నన్ను తీసుకెళ్లేలోపు బొంగరం అక్కడ బోర్డు మీద కనబడాలి. ఆపరేషన్ కంటే నాకు అది కనబడదేమోనన్న భయమే ఎక్కువగా ఉంది.

ఆపరేషన్‌కు ముందు రోజు, సాయంత్రం.

(సంతకం) కాజాలావిడ. పడుకుని పెట్టినందున వంకర.

సాక్షులు:
1. వార్డు నర్సు. ఇది నా డ్యూటీ కాదని చెప్పి సంతకం పెట్టాను.
2. టైలరు. నా సంతకం ఆలస్యమైంది. ఇంటికి వెళ్లి, పిల్లకు నిజం చెప్పి, అబ్బాయి చేత బోర్డు దింపించి, తొడుగు కుట్లు విప్పి వచ్చాను.