కోర్టుకు లాగిన ఇంటాయన

నాన్నకు నమస్కారం.

‘ఇంటాయన నన్ను కోర్టుకు లాగాడు’ అని రాస్తే, చెయ్యి పట్టుకుని లాగాడనుకున్నారా? అమ్మ అన్నం మానేసిందట, అన్నయ్య కర్ర వెతికాడట. నన్ను ఇంత చదివించి, నా ఉత్తరం ఒక్కటి సరిగ్గా చదవలేకపోయారు! ఆయన వేసింది గది ఖాళీ చేయమని దావా. వాళ్ళ అత్తగారుండటానికి కావాలట. నిన్న ఆవిణ్ణే సాక్షిగా బోనెక్కించాడు. నాకు వకీలు లేడు కాబట్టి నేనే లేచి, “అమ్మమ్మగారూ, మీరు నిజంగా ఆ గదిలో ఉంటారా?” అని అడిగాను.

“నేనా? అల్లుడి పంచనా? ఆ కిటికీకి తలుపే లేదు కదే తల్లీ! వానొస్తే గొడుగేసుకుని పడుకుంటావా ఏమిటి?” అంది.

జడ్జిగారు ఫైలు అడ్డం పెట్టుకుని నవ్వారు. నేను ఖాళీ చేయక్కర్లేదని, నెలలోగా ఇంటాయనే కిటికీ బాగుచేయించాలని తీర్పు. ఇవాళ స్వయంగా సుత్తి పట్టుకొచ్చి, నాతో చెప్పలేనిదంతా మేకులకు చెబుతున్నాడు.

అమ్మ కళ్ళజోడు మార్చారా? బీరువాలో చీరల కింద నా డిగ్రీ పట్టా ఉంది, రిజిస్టరు పోస్టులో పంపండి. అన్నయ్యను కర్ర దించమనండి. బామ్మకు నా దండాలు.

ఇంటికి వచ్చెయ్యమన్నారు. రాను. లా కాలేజీలో చేరుతున్నాను.

మీ అమ్మాయి