చెయ్యి దించిన తరువాత

జూజువాడి,
గురువారం.

అన్న ముఖేశ్‌కు చెల్లెలు తనూజ నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ అమ్మ, నా బిడ్డ చైత్ర కులాసా. మా ఆయన పోయిన నెల ఉన్నట్టే ఉన్నారు. జైలులో దగ్గు తగ్గిందని నువ్వు రాసింది అమ్మకు చదివి వినిపించాను.

ఆయన మాట్లాడుతున్నారా అని అడిగావు. మాట్లాడతారు. కుడి చెయ్యి లేవదు. మీ ఇద్దరి పంక్చర్ షాపుకు తీసుకుపోతే టైరు నిమురుతూ కూర్చుంటారు. నిన్న చైత్రను చూసి, "ఈ పాప ఎవురి బిడ్డ? ఈడనే ఉంటాదా?" అని అడిగారు. అది లోపలికి పోయి తలుపు వేసుకుంది.

అన్నా, హోసూరు కోర్టు నుంచి నీకు నోటీసు వస్తుంది. నష్టపరిహారం దావా వేశాను. ఆయన తరఫున సంతకం నాదే. పరిహారం రాబట్టుకునేందుకు డెంకణికోట పొలంలో నీ భాగాన్ని వకీలు అందులో చూపించారు. అమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు.

"శశికుమార్ బావే నన్ను కొట్లాటకు పిలిచినాడు, ఇద్దరమూ ఒప్పుకొనే కొట్టుకున్నాము, శిక్ష కూడా పడింది, ఇంక నా మీద ఏముండాది?" అని రాశావు. అదే మాట వకీలు నళినమ్మను అడిగాను.

"జైలు వేరే, మనిషికి జరిగిన నష్టం వేరేమ్మా. అట్లా కొట్టుకునేదే చట్టానికి విరుద్ధం. ఒప్పుకున్నాడు అంటే సరిపోదు. అయినా మీ అన్న తరఫువాళ్లు ఆ మాటే వాదిస్తారు, జడ్జి ఏమంటారో చెప్పలేను" అన్నారు.

ఇప్పుడు రాసేది ఆమెకూ తెలియదు. నాకేమీ తెలియదని పోలీసులకు చెప్పాను. నాకు తెలుసు. ఆ సాయంత్రం ఆయన చొక్కా విప్పి నా చేతికిచ్చి, "షాపు ఎవరిదో ఈపొద్దు తేలిపోవల్ల" అన్నారు. మీ తగవు రోజూ విని విసిగిపోయి ఉన్నాను. "పోండి, తేల్చుకోని రాండి" అన్నాను. చొక్కా మడతపెట్టి, వెనకే వచ్చి, మీరు కొట్టుకునే చోట ఆగిన లారీల పక్కన నిలబడ్డాను.

అందుకే అంతా చూశాను. "చాలు బావా" అని ఆయన చెయ్యి దించారు. నువ్వు విన్నావు. తల తిప్పి నా వైపు చూశావు కూడా. ఆ తరువాత తల మీద కొట్టావు.

బోనులో అడిగితే, పొమ్మన్నది నేనేనని చెబుతాను. దానివల్ల దావా పోతే పోనీ. ఆ చివరి దెబ్బ సంగతి మాత్రం నా నోట చెప్పించవద్దు. నువ్వే చెప్పు.

ఇట్లు,
నీ తోడబుట్టినది
తనూజ