బండి ఎత్తు పెంచకముందు

గోదావరిఖని
బుధవారం

ప్రియమైన రాజకుమారికి,

సదానందం రాస్తున్నది. ఇక్కడ నా ఒంట్లో బాగానే ఉంది. కొత్తగూడెంలో నువ్వు, మన దీప, చంటిపాప, అల్లుడు జైపాల్ అందరూ చల్లగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం సోమవారం అందింది. ఫోనులో అడిగితే మాట దాటేస్తున్నానని కాగితం మీద రాశావు. మంచి పని చేశావు. ఫోనులో అయితే నీ పక్కన ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు, నాకు నోరు పెగలదు. బీపీ గోళీలు వేసుకుంటున్నాను. పొద్దున నేనే వండుకుంటున్నాను, సాయంత్రం ఎదురింటి సారలమ్మక్క రొట్టెలు పంపుతోంది. నువ్వు అడిగినట్టు నిద్ర మాత్రం సరిగా లేదు. ఒక చోట కూర్చోలేకపోతున్నాను. ఈ నాలుగు ముక్కలు రాయడానికే మూడుసార్లు లేచి, వాకిట్లోకి వెళ్ళి బండిని చూసి వచ్చాను.

“బొలెరో మెకానిక్ దగ్గరుందని నువ్వంటావు, వాకిట్లోనే ఉందని సారలమ్మక్క అంటుంది, ఏది నిజం? దీప కాన్పు ఆపరేషన్ ఒంటితో బస్సులో రాలేదు, మమ్మల్ని తీసుకుపోవడానికి ఎప్పుడొస్తావు?” అని అడిగావు. సారలమ్మక్క చెప్పిందే నిజం. బండికి ఏ రిపేరూ లేదు. దానికి పెద్ద టైర్లు వేయించి, ఎత్తు పెంచాలని రెండు నెలలుగా తిరుగుతున్నాను.

మొదట చౌరస్తా దగ్గర బుచ్చన్న టైర్ల దుకాణానికి వెళ్ళి, బండి ఎత్తు లేపే మనిషి ఎవరైనా ఉన్నాడా, టైర్లు తర్వాత చూద్దాం అన్నాను.

“గట్ల గాదన్నా. ముందు టైరు ఖాయం చేస్కోవాలె. టైరు ఎంత పెద్దదో దాన్ని బట్టే బండి ఎంత లేపాల్నో తెలుస్తది. ముందే లేపి, ఆనక టైరు పట్టకపోతే రెండుసార్ల పని” అన్నాడు.

ఇప్పుడున్న దానికంటే ఒక సైజు పెద్దది చూపించాడు. దానికి బండి లేపనక్కరలేదట, అలాగే పడుతుందట. అది నా కంటికి ఆనలేదు. ఇంకా పెద్దది అడిగాను. ముప్పై ఒక్క అంగుళాలది తీశాడు. దానికన్నా పెద్దది లేదా అన్నాను. బుచ్చన్న నా మొహం చూశాడు.

“పదహారేండ్ల బండన్నా ఇది. గింత టైరు ఎక్కిస్తే స్టీరింగు నిండ తిప్పినప్పుడు మడ్‌గార్డుకు రాస్కుంటది. పికప్ పోతది, బ్రేకు జల్ది పడదు, మలుపులల్ల ఊగుతది. ఏం, అడవుల తిరుగుతవా?”

గోదావరి ఇసుకలో దిగే పని ఉందని అబద్ధం చెప్పాను. ఇంటికి వచ్చి టేపు పట్టుకుని చక్రాలకూ మడ్‌గార్డుకూ మధ్య సందులు కొలిచాను. మర్నాడు మళ్ళీ కొలిచాను. నాలుగుసార్లు దుకాణానికి వెళ్ళి, నాలుగుసార్లు సైజు మార్చాను. ఆఖరికి బుచ్చన్న నన్ను చూస్తే పని ఉన్నట్టు లోపలికి పోవడం మొదలుపెట్టాడు.

ఇప్పుడు నీకు దాచినది రాస్తాను. గనిలో ఉద్యోగం చివర్లో చూపు తగ్గిందని నన్ను మట్టి మోసే డంపరు దింపి స్టోర్స్‌లో వేశారని చెప్పాను కదా. నా కళ్ళు బాగానే ఉన్నాయి. నేనే కాగితం రాసిచ్చి దిగాను.

అప్పటికి రిటైర్‌మెంటు ఆరు నెలలుంది. మొదటి షిఫ్టు. మట్టి తవ్వి పోసే షావల్ దగ్గరికి డంపరును వెనక్కి తీస్తున్నాను. ఆ సీటులో కూర్చుంటే మేడ మీద ఉన్నట్టు ఉంటుంది, దగ్గరున్న చిన్న బండ్లు కనపడవు. అందుకే గనిలో జీపులకు పొడుగు కర్రతో జెండా కడతారు. ఆ రోజు దుమ్ములో జెండా నాకు కనపడలేదు. షావల్ ఆపరేటరు ఆపకుండా హారను కొడితే బ్రేకు వేశాను. దిగి చూస్తే నా వెనక చక్రం కింద జీపు సగం నలిగి ఉంది. డ్రైవరు కొమురెల్లి ముందు అద్దంలోంచి బయటికి పాకుతున్నాడు. ఎడమ చెయ్యి విరిగింది, ప్రాణం దక్కింది. విచారణలో ఇద్దరి తప్పూ లేదని రాశారు. కానీ రాజకుమారీ, మనిషి ఉన్న బండి మీదికి ఎక్కితే నాకు కుదుపు కూడా తెలియలేదు.

అప్పటి నుంచి మన బండిలో కూర్చుంటే నేనే ఆ జీపులో ఉన్నట్టు ఉంటుంది. వెనక లారీ చప్పుడు వినపడితే, వాడికి నేను కనపడుతున్నానా అని చేతులు బిగుసుకుపోతాయి. దీప కాన్పుకు నిన్ను బస్సులో పంపింది అందుకే. బండి ఎత్తు పెరిగితే కనపడతాను అనుకున్నాను.

నీ ఉత్తరం చదివాక నిన్న మందమర్రి వెళ్ళాను. కొమురెల్లిని చూడటం ఈ పద్నాలుగు నెలల్లో ఇదే మొదటిసారి. గుమ్మంలో నన్ను చూసి లోపలి నుంచి కుర్చీ తెచ్చి వేశాడు.

“రా అన్నా, కూసో” అన్నాడు.

“మాఫ్ చెయ్యి తమ్మీ. మొహం చెల్లక రాలే” అన్నాను.

“దవాఖానల ఉన్నన్ని దినాలు దర్వాజ దిక్కే చూసిన, నువ్వస్తవని. చెయ్యి నొప్పికంటె గదే ఎక్కువుండె” అన్నాడు.

వాళ్ళ ఆవిడ చాయ్ ఇచ్చింది. టైర్ల సంగతంతా చెప్పాను. అతను నవ్వాడు.

“ఎంత లేపుతవన్నా, డంపరంత లేపుతవా? నేను ఇప్పటికీ జీపే నడుపుతున్న. భయం పోలే. హారను కొడ్త, ఆగుత, అవతలోడు నన్ను చూసి తల ఊపినంకనే కదుల్త. అంతకంటె ఏమున్నది?”

ఈ రోజు పొద్దున అతనే బస్సెక్కి మనింటికి వచ్చాడు. బండిలో ఎడమ సీటులో కూర్చుని “నడువు” అన్నాడు. జైపూర్ దాకా బొగ్గు టిప్పర్ల మధ్య వెళ్ళాం. రెండుసార్లు పక్కకు ఆపాను. రెండోసారి దిగి, రోడ్డు పక్కన నిలబడి ఏడ్చాను. అతను మొహం అటు తిప్పుకుని నీళ్ళు తాగాడు. వచ్చేటప్పుడు ఎక్కడా ఆపలేదు.

బండి ఎత్తు పెంచడం లేదు. దీప ఆ కుట్లతో అంత ఎత్తు ఎలా ఎక్కుతుందన్న ఆలోచనే నాకు ఇన్నాళ్ళూ రాలేదు, సిగ్గేస్తోంది. పాత టైర్లు ఎలాగూ అరిగాయి. బుచ్చన్న మొదట చూపించిన ఒక సైజు పెద్దవే శుక్రవారం వేయిస్తున్నాను.

వచ్చే ఆదివారానికి మీ దగ్గరికి వస్తాను. కొమురెల్లి కూడా వస్తానన్నాడు. ఈలోగా ఈ ఉత్తరం దీపకూ జైపాల్‌కూ చదివి వినిపించు, ఏమీ దాచకు. పాప వాళ్ళది. నా చేతికి బండి ఇచ్చి కూర్చోవడానికి వాళ్ళ మనసు ఒప్పుకోకపోతే నేనేమీ అనుకోను. అక్కడే వేరే బండి మాట్లాడి, మీరందరూ అందులో రండి. నేను ఖాళీ బండితో మీ వెనకే వస్తాను. గోదావరిఖని దాకా మీ బండికీ వెనక వచ్చే లారీలకూ మధ్య నేనుంటాను.

ఇట్లు,
నీ బావ
సదానందం