అడుగు నీళ్ళు, పై నీళ్ళు

ఈ కవరును పొరపాటున గానీ, విధి నిర్వహణలో భాగంగా గానీ విప్పబోయే పై అధికారులందరికీ సవినయంగా మనవి. ఇది ప్రభుత్వ ఉత్తర ప్రత్యుత్తరాల కిందికి రాదు. నదీ శాఖ కొలతల విభాగంలో పనిచేసే ఒక భార్య, సముద్ర శాఖ ప్రధాన కార్యాలయంలో పనిచేసే తన భర్తకు రాసుకుంటున్న సొంత ఉత్తరం. ఇందులో ఏ శాఖ గౌరవానికైనా భంగం కలిగినట్టు తోస్తే, ఆ భంగం అవతలి శాఖకు చెందినదిగా భావించి చదవడం కొనసాగించగలరు.

శ్రీవారికి నమస్కారాలు.

ఇక్కడ నేనూ అత్తయ్యా క్షేమమేనని ధ్రువీకరించడమైనది. అక్కడ తమరి క్షేమం గురించి తిరుగు టపాలో ధ్రువీకరణ రావలసి ఉన్నది. ఇదంతా ఫోనులో చెప్పవచ్చు కదా అంటారేమో. ఫోనులో మీరు "సరేలే" అంటారు, నేను "సరే" అంటాను, అక్కడితో సంభాషణ ముగిసినట్టు ఇరుపక్షాలూ అంగీకరిస్తాయి. ఈసారి అలా ముగించే విషయం కాదు.

మీ కిందటి ఉత్తరంలో నాలుగు ప్రశ్నలున్నాయి. అత్తయ్య మోకాలి వాపు తగ్గింది, మోకాలి గురించిన ప్రసంగం తగ్గలేదు. వంటింటి గోడ చెమ్మ యథాస్థితిలో ఉంది. మూడోది, అత్తయ్య ఫోనులో చెప్పిన ఆ వాసన ఏమిటని అడిగారు, దానికి జవాబు కాస్త పెద్దది. నాలుగోది మీ బదిలీ సంగతి. అది పరిశీలనలో ఉంది. ఉత్తరం ముగిసేలోగా పరిష్కరించగలను.

వీధి చివర, ఐసు ఫ్యాక్టరీ దాటాక, ఏరు సముద్రంలో కలిసే మొగ మీకు గుర్తుండే ఉంటుంది. పెళ్ళయిన కొత్తలో మీ ఎడమకాలి చెప్పు అక్కడి బురదలోనే శాశ్వత సభ్యత్వం పొందింది. ఈ ఏడు వానలు తప్పాయి. ఇసుకను తోసేసే బలం ఏటికి లేక, మొగకు అడ్డంగా దిబ్బ మేటవేసింది. అప్పటినుంచి సముద్రపు పోటు లోపలికి రావడం మానేసింది. ఏటి మంచినీరు తేలిక గనుక పైన దుప్పటిలా పరుచుకుంది. లోపల చిక్కిన పాత ఉప్పునీరు బరువు గనుక అడుగునే ఉండిపోయింది. పోటు వచ్చి కలియబెడితే తప్ప ఆ రెండూ కలవవు, పైనున్న గాలి కిందికి దిగదు. అడుగు బురద నల్లబడి కుళ్ళుతోంది. మీరడిగిన వాసన అదే. పీతలు ఊపిరాడక రేవు మెట్లెక్కి కూర్చుంటున్నాయి, పింఛను ఆఫీసు ముందు పెద్దమనుషుల్లాగా.

సముద్రంలో పుట్టి, పోటుతోపాటు లోపలికి వచ్చి, మడచెట్ల వేళ్ళ మధ్య పెరిగి, ఒళ్ళు వచ్చాక మళ్ళీ సముద్రానికి పోవడం రొయ్యపిల్లల పద్ధతి. ఈసారి అవి దిబ్బ అవతలే ఆగిపోయాయి. ఇక్కడ పెరగనిది రేపు నడిసముద్రంలో పెద్దపడవల వలలోనూ పడదు. ఐసు ఫ్యాక్టరీ ఒక్క పూటే నడుస్తోంది. వలలు అల్లే పక్కింటాయన ఆ తాడుతోనే కుర్చీలు అల్లుతున్నాడు. అత్తయ్యకూ ఒకటి ఇచ్చాడు. కూర్చుంటే తననెవరో పట్టుకున్నట్టు ఉంటుందని ఆవిడ ఫిర్యాదు.

మొగ తవ్వించమని వీధివాళ్ళు పెట్టుకున్న అర్జీ గురించి మీకు నేను చెప్పనక్కర్లేదు. మంచినీరయితే నదీ శాఖ బాధ్యత, ఉప్పునీరయితే సముద్ర శాఖ బాధ్యత. మా పై అధికారి నన్ను అడుగు నీళ్ళు పట్టమన్నారు. సీసా ఉప్పగా తేలింది, అర్జీ మీకు పంపాం. మీ శాఖ మనిషి పై నీళ్ళు పట్టాడు. సీసా తియ్యగా తేలింది, అర్జీ మాకు తిరిగొచ్చింది. రెండు సీసాలూ ఒకే పడవలోంచి ముంచినవి, రెండు కొలతలూ నిజమైనవి. అందుకే అబద్ధమాడుతున్నామని ఇన్నాళ్ళూ ఎవరికీ అనిపించలేదు.

పంపే కాగితం మీద నా సంతకం, తిప్పి పంపే కాగితం మీద మీ సంతకం. ఈ ఏడాది మిమ్మల్ని చూసినదానికంటే మీ సంతకాన్ని చూసిందే ఎక్కువ. కిందటిసారి దాని చివరి గీత కిందికి జారింది. ఒంట్లో బాగాలేదేమోనని దిగులుపడ్డాను. అది రాయడానికి ఫైలులో గడి లేదు.

మొన్న ఎదురింటి పీతలక్క, అదే, పీతలు పట్టి అమ్మే ఆవిడ, మన గుమ్మంలో అత్తయ్య పక్కన చేరి, ఖాళీ బుట్ట ఒళ్ళో పెట్టుకుని నన్నడిగింది.

"ఏమ్మాయ్, ఇంతకీ ఆ నీళ్ళు నీవా, మీ ఆయనవా?"

"పెళ్ళి వీళ్ళిద్దరికే అయిందే. ఆ నీళ్ళకింకా కాలేదు," అన్నారు అత్తయ్య.

ముగ్గురం నవ్వాం. పీతలక్క అందరికంటే ముందు ఆపేసింది.

ఇక నాలుగో ప్రశ్న. భార్యాభర్తలను ఒకే ఊళ్ళో ఉంచే నిబంధన కింద మీ బదిలీకి మా పై అధికారి సిఫారసు కావాలి. ఆయన కాగితం సిద్ధం చేయించారు. నేను కళ్ళారా చూశాను, ఒక్క తప్పు లేదు. సంతకం పెట్టబోతూ ఆగి, పెన్నుకు మూత పెట్టారు.

"బదిలీ నిలవనీళ్ళలాంటిదమ్మా. కదపకపోతే తేటగా ఉంటుంది. మొగ జోలికి పోకు."

నిలవనీళ్ళ సంగతి కొలవడమే నా ఉద్యోగమని ఆయనకు గుర్తుచేయలేదు. తలూపి ఇంటికొచ్చి, అత్తయ్యకు చెప్పి, మీ పరుపు ఎండలో వేశాను.

ఇప్పటిదాకా దాచిపెట్టింది ఇక చెబుతాను. ఆ వారంలోనే వీధివాళ్ళు విసిగిపోయి పారలు పట్టుకుని దిబ్బ మీదికి బయల్దేరారు. అప్పుడే తవ్వి ఉంటే గాలి ఉన్న పై నీళ్ళే ముందు జారిపోయి, అడుగున కుళ్ళునీరు మాత్రం మిగిలి, బతికున్న కాసిని చేపలూ చచ్చేవి. ఎగువన వాన పడిందనీ, ఏటికి కొత్తనీరు దిగుతోందనీ నా కొలబద్ద చెబుతోంది. ఆ సంగతి నాలోనే ఉంచుకుని ఇంటికి రావచ్చు. నోరు విప్పాను. ఆగండి, ఏరు నిండాక, సముద్రం తగ్గే వేళ చూసి తవ్వండి అన్నాను. వాళ్ళు ఆగారు. ఆ వేళ వచ్చినప్పుడు నేనూ వెళ్ళాను, శాఖ ముద్ర ఉన్న పార పట్టుకుని. అత్తయ్య తాడు కుర్చీ దిబ్బ మీద వేయించుకుని, గొడుగు కింద కూర్చుని, ఎవరు ఎలా తవ్వుతున్నారో తప్పులు పట్టారు. మేము తీసింది మనిషి నడుమంత గాడి. మిగతా పని నీరే చేసుకుంది. సాయంత్రానికి మొగ మన వీధంత వెడల్పయింది.

మర్నాడు పోటు లోపలికి వచ్చింది. అలవాటు కొద్దీ సీసాలు ముంచాను. పైనా అడుగునా ఒకటే కొలత. ఏ శాఖ పేరు రాయాలో తెలియక గడి ఖాళీగా వదిలేశాను.

పార మాత్రం దిబ్బ మీదే మరిచిపోయాను. మా పై అధికారి దాన్ని సాక్ష్యంగా స్వాధీనం చేసుకుని నన్ను సస్పెండ్ చేశారు. మీ సిఫారసు కాగితాన్ని నా ఎదుటే నిలువునా చించారు. పోటును లోపలికి తెచ్చి, మిమ్మల్ని అక్కడే ఉంచేశాను. మిమ్మల్ని అడగకుండానే చేశాను. అడిగితే వద్దనరు, "నీ ఇష్టం" అంటారు. ఆ బరువు సగం మీ మీద పెట్టడం నాకు ఇష్టం లేకపోయింది. ఇప్పుడది మొత్తం నా దగ్గరే ఉంది, మోస్తున్నాను, అలసిపోయాను.

దీనివల్ల లోకం మారిందని కూడా రాయలేను. వాసన తగ్గింది. పీతలు మెట్లు దిగి వెళ్ళాయి. రొయ్యపిల్లలు వచ్చాయో లేదో ఇంకా తెలియదు. పీతలక్క బుట్ట ఇప్పటికీ తేలికే. మళ్ళీ వాన తప్పితే మళ్ళీ దిబ్బ వేస్తుంది.

అత్తయ్య నన్ను ఒక్క మాట అనలేదు. నిన్న మీ పరుపు చుట్టబోతే మాత్రం అడ్డుపడ్డారు.

"ఉండనీయవే. ఉత్తర్వు లేకపోతే వాడికి ఇల్లు తెలియదా?"

పై పరిస్థితుల దృష్ట్యా కింది డిమాండును లాంఛనంగా దాఖలు చేస్తున్నాను.

డిమాండు నంబరు 1: బదిలీ, సిఫారసు, శాఖాపరమైన అనుమతి ఏవీ లేకుండా, మామూలు సెలవు చీటీ పెట్టి, తమరు స్వయంగా ఇంటికి రావలెను. పరుపు ఎండలోనే ఉన్నది. ఇది తమ పరిధిలోకి రాదన్న కారణంతో తిప్పి పంపరాదు.

ఇట్లు,
ప్రస్తుతం మరే హోదా లేని
మీ భార్య