ఆయన లాగిన్‌లో నా రాత్రి డ్యూటీ

నైపుణ్య వలస వీసాల కార్యాలయంలో కంప్యూటర్ వృత్తుల వారి అర్హతలను పరిశీలించు అధికారి గారి సముఖమునకు

అయ్యా,

(తమ లేఖ కింద ఉన్న సంతకాన్ని బట్టి తమరు అయ్యగారో అమ్మగారో తెలియలేదు. అమ్మగారైతే మన్నించి, 'అమ్మా' అని చదువుకోగలరు.)

విషయం: నా భర్త పేరున ఉన్న లాగిన్‌లో నేను చేసిన పనిని నా అనుభవంగా గుర్తించుట గురించియు, నా సర్టిఫికెట్లను తోసిపుచ్చిన ఉత్తర్వును మరల పరిశీలించుట గురించియు.

సూచిక: తమ కార్యాలయం వారు నాకు పంపిన తిరస్కరణ లేఖ.

పై విషయమై మనవి చేసుకొనునది ఏమనగా, నేను సర్వర్ల నిర్వహణలో అనుభవం గలదానిని. తమ దేశంలోని ఒక కంపెనీ వారు నన్ను ఫోనులో గంటకు పైగా గుచ్చి గుచ్చి ప్రశ్నలడిగి, చివరకు ఉద్యోగం ఇస్తామన్నారు. తమ కార్యాలయం నా అనుభవాన్ని గుర్తిస్తే తప్ప వీసా రాదు. వచ్చే పుట్టినరోజుతో నాకు ఈ వీసాకు వయసు దాటిపోతుంది. మా పాపనూ మా అత్తగారినీ నా వెంట తీసుకువెళ్లే వీలున్న వీసా ఇదొక్కటే. కావున తమ లేఖలోని అభ్యంతరాలకు వరుసగా సమాధానం చెప్పుకుంటున్నాను.

1. సదరు లేఖలో తమరు, "సమర్పించిన రికార్డులన్నియు దరఖాస్తుదారు భర్త లాగిన్‌లో ఉన్నందున, సదరు పని దరఖాస్తుదారు చేసినట్లు భావించుటకు వీలు లేదు" అని సెలవిచ్చారు. రికార్డులు ఆయన లాగిన్‌లో ఉన్న మాట నిజం. ఎందుకున్నాయో కూడా వినండి.

మేమిద్దరం పనిచేసినది ఆస్పత్రులకూ మందుల దుకాణాలకూ కంప్యూటర్లు నడిపిపెట్టే ఒక చిన్న కంపెనీలో. సర్వర్ల గది మెట్ల కింద ఉండేది. లోపల ఒక బల్ల, ఒక కుర్చీ, ఎండాకాలంలో కూడా స్వెటర్ వేసుకోవలసినంత చలి. పగలు ఆ కుర్చీలో ఆయన, రాత్రి నేను. సర్వర్లను కనిపెట్టి ఉండే సాఫ్ట్‌వేర్‌కు మనిషికొక లైసెన్సు కొనాలి. మా మేనేజరు ఒకటే కొన్నాడు. ఆయన్ని ఆఫీసులో అందరూ 'చూద్దాం గారు' అనేవాళ్లు, ఏది అడిగినా చూద్దాం అనడం తప్ప ఇంకో మాట ఎరగడు కాబట్టి. రెండో లైసెన్సు సంగతి మా వారు అడిగారు, నేనూ అడిగాను. ఒక్కసారి మాత్రం చూద్దాం అనకుండా, "మొగుడూపెళ్లాలకి రెండెందుకమ్మా, ఇంట్లో రెండు పొయ్యిలు పెట్టుకున్నారా?" అన్నాడు. మేమూ నవ్వేశాం. అప్పుడు నవ్వకుండా గట్టిగా పట్టుబట్టి ఉంటే ఇవాళ తమరికి ఈ శ్రమ ఉండేది కాదు.

ఆ లైసెన్సు ముందు చేరిన ఆయన పేరు మీద ఉండిపోయింది. నేను కాగితాల మీద 'హెల్ప్‌డెస్క్ సహాయకురాలు'గా ఉండిపోయాను. నేను ఫోన్లెత్తే బల్ల దగ్గర కూర్చున్నది మొదటి ఏడాది మాత్రమే. ఆ తర్వాత ఆయనే నన్ను కూర్చోబెట్టి, విసుక్కుంటూ, మళ్లీ తనే బతిమాలుకుంటూ, ఈ పని మొత్తం నేర్పారు.

మరొక సంగతి. "చెప్పుకోదగ్గ సంఘటనలేవియు చూపలేదు" అని కూడా రాశారు. రాత్రి అత్యవసర విభాగంలో డాక్టరు రోగి ఫైలు తెరిస్తే అది తెరుచుకునేది. చెప్పుకోదగ్గ సంఘటన జరగకుండా చూడడమే కదండీ నా ఉద్యోగం? ఏదీ ఆగని రాత్రికి రికార్డులో ఏం మిగులుతుంది? ఒళ్లు దాచుకోకుండా పనిచేసినందుకు నా ఫైలు ఖాళీగా కనబడుతోంది.

2. "రికార్డులో విధులకు సంబంధించని సొంత మాటలు ఉన్నందున సదరు రికార్డు విశ్వసనీయత సందేహాస్పదము" అన్నారు.

డ్యూటీ మారేటప్పుడు ఏం జరిగిందో తర్వాతి మనిషికి రాసిపెట్టాలి. అది ఈ పనిలో నియమం. మా ఇంట్లో ఒకరు వస్తుంటే ఒకరు వెళ్లేవాళ్లం. మధ్యలో పాపని బడికి దింపడం, తీసుకురావడం. మొగుడూపెళ్లాం కుదురుగా కూర్చుని మాట్లాడుకున్నది తక్కువ. అందుకని ఇంటి మాటలు కూడా అక్కడే రాసుకునేవాళ్లం. తమరు ఎర్రగీత పెట్టి పంపిన వాక్యాలు ఇవి:

"మూడో సర్వరుకి డిస్కు మార్చాను. వాన పట్టింది, గొడుగు తలుపు వెనకాల ఉంది."

"బ్యాకప్ పూర్తయింది. పాపకి జ్వరం తగ్గింది. నువ్వు వెళ్లగానే కాసేపు పడుకో."

"కేబుల్ వదులైంది, బిగించాను. నిన్న అరిచినందుకు ఏమీ అనుకోకు."

అయ్యా, ఏ మనిషైనా సొంత లాగిన్‌లో కూర్చుని, తనకు తానే గొడుగు తీసుకెళ్లమని రాసుకుంటాడా? తన మీద తానే అరిచి, మర్నాడు తనకే సర్దిచెప్పుకుంటాడా? ఆ గదిలో ఇద్దరు మనుషులు పనిచేశారనడానికి నా దగ్గర ఉన్న సాక్ష్యం ఇదే. తమరు దాన్నే ఎర్రగీత కొట్టి పంపారు. గొడుగు మాట నాది. పడుకోమన్నదీ, అరిచినదీ ఆయన. ఆయన అరిస్తే మర్నాడు రాసేదాకా ఊరుకునేవారు కాదు. ఇప్పుడు ఆ కాగితాలు తిరగేస్తుంటే డిస్కులూ కేబుళ్లూ కనబడడం లేదు, ఆయన గొంతే వినబడుతోంది. ఈ మాట అర్జీలో రాయవచ్చో లేదో నాకు తెలియదు.

3. "దరఖాస్తుదారు సర్టిఫికెట్ పరీక్ష లోగడ ఒకసారి అక్రమము కారణంగా రద్దయినట్లు నమోదై ఉన్నందున, తదుపరి పొందిన సర్టిఫికెట్‌ను పరిగణించజాలము" అన్నారు.

సదరు పరీక్ష ఇంట్లో కూర్చుని కంప్యూటర్‌లో రాసేది. ఎక్కడో కూర్చున్న పర్యవేక్షకుడు కెమెరాలోంచి మనల్ని చూస్తూ, వింటూ ఉంటాడు. గదిలో వేరే మనిషి ఉండరాదు, వేరే గొంతు వినబడరాదు. మాది రెండు గదుల ఇల్లు. మా వారికి అప్పటికే ఊపిరితిత్తుల జబ్బు ముదిరింది. పక్క గదిలో ఉన్నారు. తలుపు మూసి, సందుల్లో దుప్పట్లు కుక్కాను. అయినా దగ్గు వినబడింది. "మీ గదిలో మరొక వ్యక్తి ఉన్నారు" అని తెర మీద పడింది, పరీక్ష ఆగిపోయింది. నేను ఎంత మొత్తుకున్నా అవతల వినే నాథుడు లేడు. తమరు అక్రమం అన్నది ఆ దగ్గుని.

రెండోసారి రాసే రోజుకి ఆయన మెట్లు దిగే స్థితిలో లేరు, ఎక్కడికీ పంపడానికి లేదు. పరీక్ష మానేస్తానన్నాను. ఒప్పుకోలేదు. "నా సంగతి నేను చూసుకుంటాను, నువ్వెళ్లి కూర్చో" అన్నారు. పరీక్ష సాగినంతసేపూ పక్క గదిలోంచి చిన్న చప్పుడైనా రాలేదు. నాకు ప్రశ్నల మీద కన్నా ఆ నిశ్శబ్దం మీదే భయం. పాసయ్యానని తెర మీద చూసుకుని, లేచి తలుపు తీశాను. ఆయన మంచం అంచున కూర్చుని ఉన్నారు. తువ్వాలు మడిచి నోట్లో కుక్కుకున్నారు. మొహం ఎర్రగా కందిపోయింది, కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. మా అత్తగారు వీపు మీద చెయ్యి వేసి కూర్చున్నారు. పాసయ్యానని చెప్పాను. ఆయన తువ్వాలు తీసి, "ఇక దగ్గుకోవచ్చా?" అని అడిగారు.

ఆ సర్టిఫికెట్‌నే తమరు పరిగణించజాలము అన్నది.

మిగతా రెండు సర్టిఫికెట్లకు గడువు తీరినదన్నారు. నిజమే, తీరింది. మళ్లీ రాయవలసిన తేదీనాటికి నేను ఆస్పత్రి వరండాలో బల్ల మీద ఉన్నాను. దానికి నా దగ్గర వేరే సంజాయిషీ లేదు.

4. నాకన్నా ముందు మా వారు కూడా తమ కార్యాలయానికే దరఖాస్తు పెట్టి, తన అనుభవానికి గుర్తింపు పత్రం పొందారు. ఆయన ఆస్పత్రిలో ఉన్న నెలల్లో కూడా ఆయన లాగిన్‌లో పని జరిగినట్లు నేను రికార్డులు పంపాను. అది చేసింది నేనని తమకు తేటతెల్లం కావాలని పంపాను. పగలు ఆస్పత్రి, రాత్రి డ్యూటీ, మధ్యలో ఆయన పగటి పని కూడా నేనే. తమరేమో, "ఆస్పత్రిలో ఉన్న వ్యక్తి పని చేసినట్లు చూపబడినందున, ఆయనకు లోగడ ఇచ్చిన గుర్తింపు సైతం అనుమానాస్పదము" అని రాశారు.

నా పని నేను చూపించుకోబోతే, పోయిన మనిషిని అబద్ధాలకోరును చేశారు. ఈ ఒక్క వాక్యం చదివిన రోజున నేను అన్నం ముందు నుంచి లేచిపోయాను.

ఆ నెలలు కంపెనీ ఇచ్చిన లేఖలో ఉన్నాయి. ఆయన స్వయంగా నింపిన దరఖాస్తులో లేవు. దయచేసి ఫైలు తెప్పించి చూడండి. ఆస్పత్రిలో చేరిన రోజు దగ్గర ఆయన లెక్క ఆపేశారు. ఆ నెలలు కూడా కలిపితే వీసాకు లెక్కగట్టే పాయింట్లు పెరుగుతాయి కదా అని నేనే అన్నాను. మొహం మీద ఆక్సిజన్ మాస్కు ఉంది, మాట సరిగా రావడం లేదు. అయినా మాస్కు పక్కకు జరిపి, "అవి నీవి" అన్నారు. తమ గుర్తింపు పత్రం వచ్చాక ఎక్కువ రోజులు లేరు.

ఇప్పుడు కంపెనీ మూతపడింది. చూద్దాం గారికి ఫోన్ చేసి, రాత్రి డ్యూటీ నాదేనని ఒక్క ముక్క రాసివ్వమని ప్రాధేయపడ్డాను. ఏమన్నారో తమరు ఊహించగలరు. హెల్ప్‌డెస్క్ సహాయకురాలికి సర్వర్లు అప్పగించేవాళ్లు ఇక్కడా లేరు. కాళ్లరిగేలా తిరిగి తిరిగి, ఒక ఫోన్ల దుకాణంలో కుదిరాను. కొత్త ఫోన్లకు గాజు రేకులు అతికిస్తున్నాను. బుడగ రాకుండా అతికిస్తానని యజమాని మెచ్చుకుంటాడు.

5. చివరగా, "సదరు కాలంలో కొంత పని దరఖాస్తుదారుదని రుజువైన పక్షంలో, అదే పనిని ఇద్దరికి లెక్కించుటకు వీలు లేనందున, భర్తకు ఇచ్చిన గుర్తింపు పత్రము అసలు ప్రతిని రద్దు నిమిత్తము పంపవలెను" అని ఉత్తరువు.

నియమం నాకు అర్థమైంది. తప్పు పట్టడం లేదు. ఆ పత్రం మా గోడ మీద ఉంది. ఆయన పోయాక మా అత్తగారు దానికి ఫ్రేము కట్టించి, కొడుకు ఫోటో పక్కన పెట్టుకున్నారు. ఆ భాష ఆవిడకు చదవడం రాదు. కొడుకు పేరు ఏ వరుసలో ఉందో మాత్రం తెలుసు. రోజూ పొద్దున్నే కొంగుతో అద్దం తుడుస్తారు. ఇంటికి ఎవరొచ్చినా ఆ వరుస మీద వేలు పెట్టి చూపిస్తారు.

తమ లేఖ వచ్చాక భయపడుతూనే ఆవిడకు సంగతి చెప్పాను. "వాడికి దక్కింది ఈ కాగితం ఒక్కటేనే. అదీ కొట్టేయిస్తావా?" అన్నారు. ఆవిడ నన్ను ఏనాడూ పల్లెత్తు మాట అన్న మనిషి కాదు.

కావున అసలు ప్రతిని పంపజాలనని చింతిస్తూ, జిరాక్సు మాత్రం జతచేస్తున్నాను. నాకు ఆయన పని అక్కర్లేదు. ఆయన పగళ్లు ఆయనకే ఉంచి, నా రాత్రులు నాకు ఇప్పించండి. దానికి తమ నిబంధనల్లో ఎక్కడైనా చోటుందేమో చూడమని చేతులెత్తి వేడుకుంటున్నాను. లేకపోతే ఆయన్ని అబద్ధాలకోరన్న ఆ వాక్యాన్ని మాత్రమైనా వెనక్కి తీసుకోండి. వీసా రాకపోయినా అది నాకు కావాలి.

జతపరచినవి: ఆస్పత్రి కాగితాలు, మూడు సర్టిఫికెట్లు, తమరు ఎర్రగీత పెట్టిన పుటలు (గీతలు అలాగే ఉంచాను), ఆయన దరఖాస్తు నకలు, గుర్తింపు పత్రం జిరాక్సు.

ఇవన్నీ తమరు ఓపికగా చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
(సంతకం)
తమ ఫైలులో హెల్ప్‌డెస్క్ సహాయకురాలిగా ఉన్న మనిషి

తా.క. ఈ అర్జీ కవరులో పెడుతుంటే మా అత్తగారు, ఏం రాశావో చదివి వినిపించమన్నారు. కూర తరుగుతూ వింటున్నారు. గొడుగు దగ్గర చిన్నగా నవ్వారు. పరీక్ష దగ్గరకు వచ్చేసరికి కత్తిపీట మీద చెయ్యి ఆగింది. అంతా అయ్యాక, "ఆ తువ్వాలు తడిపిచ్చింది నేను. ఆ సంగతి రాయలేదేం?" అన్నారు. రాస్తానన్నాను. కాసేపటికి మళ్లీ, "వాడు అంతసేపు ఊపిరి బిగబట్టింది గోడకి తగిలించుకునే కాగితం కోసమా ఏమిటి" అని, ఎవరితోనో అన్నట్టు అనుకుని లేచారు. స్టూలు వేసుకుని తనే ఎక్కారు. నన్ను పట్టుకోనివ్వలేదు. ఫ్రేము వెనక మేకులు చెంచా కాడతో ఒక్కొక్కటే పీకి, కాగితం తీసి నా చేతికిచ్చారు.

కావున మూడో అంశంలో, తువ్వాలు తడిపి ఇచ్చినది మా అత్తగారు అని చేర్చుకోగలరు. ఐదో అంశంలో అసలు ప్రతి పంపజాలను అన్న మాట కొట్టివేయగలరు. అసలు ప్రతి ఇందుతో జతపరచడమైనది. అంచుల్లో కనబడేవి ఫ్రేము మరకలు, ఎవరూ దిద్దలేదు.

మా అత్తగారు ఒక్కటే అడగమన్నారు. రద్దు ముద్ర కొట్టేటప్పుడు అది ఆయన పేరు మీద పడకుండా చూడండి. కింద ఖాళీ చాలా ఉంది.