ఐసిల్డా పిన్నాక్ పెనం మీద పడ్డ నింద

మార్చి 3, మంగళవారం

నా పేరు ఐసిల్డా పిన్నాక్. వయసు డెబ్బై నాలుగు. ఊరు మాంటిగో బే, చేపల రేవు వెనక వీధి. ఇంట్లో నేనూ మా అక్క ఊనా, ఇద్దరమే. ముందు గదిలోనే మా టిఫిన్ కొట్టు. నాకు చదువు రాదు. చర్చిలో పద్దులు రాసే వినెట్ చేత ఇది రాయిస్తున్నాను. ఇన్‌స్పెక్టర్‌కి చేరాలి. నా తిట్లు కూడా తీసెయ్యవద్దన్నాను.

నిన్న పొద్దున టాక్సీ నడిపే యాష్‌మన్ మా కొట్లో ఆకీ కాయ, ఉప్పుచేప కలిపి వండిన కూర తిన్నాడు. మధ్యాహ్నానికి వాంతులు. చీకటి పడేసరికి తెలివి తప్పింది. ఆసుపత్రిలో ఉన్నాడు. ఇవాళ హెల్త్ ఇన్‌స్పెక్టర్ వచ్చి, పెనంలో మిగిలింది డబ్బాలో వేసుకుని, తలుపుకి కాగితం అంటించి పోయాడు. పరీక్ష ఫలితం వచ్చేదాకా పొయ్యి వెలిగించకూడదట.

ఆకీ కాయ చెట్టు మీదే, తనంతట తానే నోరు తెరవాలి. ముందే చీలిస్తే విషం. ఈ ఊళ్లో పాలు మరిచిన పసిదానికీ తెలుసు. నాకు తెలియదా?

మార్చి 4

యాష్‌మన్ కళ్లు తెరవలేదు.

ఎదుటి కోడివేపుడు బండి క్లాడెట్ వీధిలో అందరికీ చెబుతోంది: "ముసలిదానికి చూపు ఆనదు. ఏ కాయ చీల్చిందో దేవుడికెరుక!"

వెళ్లి దాని బండి ముందు నిలబడ్డాను. "నీ కోడికి ఉప్పు పడిందో లేదో చూసుకోవే ముందు! నా కళ్ల సంగతి తర్వాత."

ఇంటికొచ్చి ముద్ద ముట్టలేదు. దాని మాటలకి కాదు. యాష్‌మన్ నన్ను గ్రానీ అంటాడు. ఆసుపత్రికి వెళితే వాడి పెళ్లాం జెనీవ్ ముఖం గోడకి తిప్పుకుంది.

మార్చి 5

నిద్ర లేదు. ఊనా కూడా ముద్ద ముట్టడం లేదు. నా గురించే దిగులనుకుంటాను.

మార్చి 6

యాష్‌మన్ తిన్న రోజు కోసిన ఆకీలో కొంత ఒలిచి ఫ్రిజ్‌లో దాచి ఉంది. రేపు సాయంత్రం నడివీధిలో వండి, అందరూ చూస్తుండగా నేనే తింటానని చాటాను. కుర్చీ తెచ్చుకుంటానంది క్లాడెట్. తెచ్చుకోమన్నాను.

వినెట్ కలం ఆపి, వద్దు గ్రానీ అంటోంది. రాయవే.

మార్చి 7, ఉదయం

ఫ్రిజ్‌కి అడ్డంగా పీట వేసుకుని కూర్చుంది ఊనా. లేవమంటే లేవదు.

"అది తినకు ఐసీ. ఆ సోమవారం చర్చి బస్సు వాళ్లు టిఫిన్‌కి వస్తామన్నారు, చివరికి రాలేదు. పెనం నిండకపోతే పరువు పోతుందన్నావు. కాయలు చాల్లేదు. కొన్నిటిని బొటనవేలు పెట్టి చీల్చాను. పూర్తిగా మూసుకున్నవి కావు, తెరుచుకోబోతున్నవే."

"తెరుచుకోబోయేవీ తెరుచుకున్నవీ ఒకటేనా అక్కా? ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు అరుస్తుంటే నేనెప్పుడు నోరెత్తాను? ఇవాళైనా, నువ్వు తింటానన్నావు కాబట్టి చెప్పాను. యాష్‌మన్ లేచి తిరుగుతుంటే చెప్పేదాన్నే కాదు."

వినెట్, కలం కింద పెట్టకు. ఇది కూడా రాయి. రాసి, ముందు ఆసుపత్రికి పరుగెత్తు. వాడు తిన్నది తెరుచుకోని ఆకీ అని డాక్టరుకి చెప్పు.

మార్చి 7, సాయంత్రం

వీధి నిండా కుర్చీలు. ఒట్టి చేతులతో బయటికొచ్చాను.

"మా పెనంలోదే విషం," అన్నాను. "కొట్టు నాది. పేరు నాది."

"చీల్చింది ఎవరు?" అంది క్లాడెట్.

"నీకెందుకే? కుర్చీ ఎత్తుకుని ఇంటికి పో!"

అప్పుడు నా వెనక గుమ్మంలోంచి ఒక కేక. మా అక్క గొంతు అంత పెద్దదని నాకు ఈ వయసులో తెలిసింది. "నేను! నేనే చీల్చాను!"

ఎవరూ నవ్వలేదు. అక్క గుమ్మానికి ఆనుకుంటే క్లాడెట్ తన కుర్చీ తెచ్చి వేసింది.

మార్చి 8, ఆదివారం

ఆసుపత్రిలో యాష్‌మన్ కళ్లు తెరిచి నీళ్లడిగాడు. గ్లాసు నేనే నింపాను. జెనీవ్ దాన్ని నా చేతిలోంచి తీసుకుని, పారబోసి, కడిగి, మళ్లీ నింపి వాడికి తాగించింది.

సరైన పనే చేసింది. ఇందులో ఒక్క ముక్క కొట్టెయ్యకుండా ఇన్‌స్పెక్టర్‌కి ఇవ్వండి.

ఐసిల్డా పిన్నాక్ నిశానీ: ×

సాక్షులు:
ఊనా పిన్నాక్ నిశానీ: ×
క్లాడెట్ మెక్‌నిష్, సంతకం
రాసినది: వినెట్ గోర్డన్